రాసింది నిలవాలంటే

(వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టిన ఆదివాసీ యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా, చదవడానికి వీలుగా కొద్దిగా సరిచేశాం.)



మీలో చాలామంది తెలుగు వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచారు. కొందరు ఒకటి రెండు పేజీల్లో రాశారు కూడా. రాత్రంతా కూర్చుని మన తెగ గురించి నాలుగు పేరాలు రాస్తారు. తెల్లారి చూస్తే అవి ఉండవు. 'ఆధారం లేదు' అని ఒక్క ముక్క మాత్రం ఉంటుంది. కోపం రాదా మరి? వస్తుంది. మన పోడుకు కాగితం లేదన్నారు. మన గూడేనికి రికార్డు లేదన్నారు. ఇప్పుడు మన మాటకు ఆధారం లేదంటున్నారు. ఇక్కడ కూడా మనల్ని తుడిచేస్తున్నారు అనిపిస్తుంది.

ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఇవాళ నేను నియమాల గురించి మాట్లాడతా. ఎందుకంటే అక్కడ నియమం తెలిసినవాళ్ళ రాత నిలుస్తుంది, తెలియనివాళ్ళది పోతుంది. పోయినప్పుడు నష్టం రాసినవాళ్ళకు మాత్రమే కాదు. హాస్టల్లో ప్రాజెక్టు రాసుకునే పిల్ల, మన జాతర గురించి వార్త రాసే విలేకరి, మన జిల్లాకు కొత్తగా వచ్చిన ఆఫీసరు, అందరూ ముందు తెరిచేది ఆ పేజీనే. ఫోన్లో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు కూడా వికీపీడియా చదివి నేర్చుకున్నవే. అక్కడ మన గురించి ఏముంటే, లోకానికి మనం అదే.

ముందు ఇది ఏంటో ఒక మాట. ఇంగ్లీషు వికీపీడియా 2001లో, తెలుగుది 2003 చివర్లో మొదలయ్యాయి. రాసేవాళ్ళకు జీతం లేదు. మీలాంటి, నాలాంటి వాళ్ళే రాస్తారు, దిద్దుతారు. నిర్వాహకులు అనేవాళ్ళు కూడా వలంటీర్లే, వాళ్ళు పేజీకి యజమానులు కారు. ప్రతి పేజీకి 'చరిత్ర' అని ఒకటి ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఏ అక్షరం మార్చారో మొత్తం అక్కడ నమోదై ఉంటుంది. మీ నాలుగు పేరాలు తీసేసినా అవి ఆ చరిత్రలో ఉంటాయి. వెతికి తీసుకుని, ఆధారం జోడించి మళ్ళీ పెట్టొచ్చు. కాబట్టి తీసేశారు అంటే అంతా అయిపోయిందని కాదు.

ఇప్పుడు మొదటి నియమం. రాసే ప్రతి ముఖ్యమైన మాటకు ఆధారం చూపాలి. ఆ ఆధారం మీరు కాక వేరేవాళ్ళు అచ్చువేసింది అయి ఉండాలి. పుస్తకం, పత్రిక, ప్రభుత్వ నివేదిక, యూనివర్సిటీ పరిశోధన, ఇలాంటివి. వాట్సాప్‌లో వచ్చింది పనికిరాదు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది చాలావరకు పనికిరాదు. నిజం చెప్పాలంటే, ఈ ప్రసంగం మన పేజీలో పెడితే అది కూడా పనికిరాదు. మనది మనమే ప్రచురించుకున్నది గదా, మధ్యలో చూసి సరిచేసే సంపాదకుడు ఎవరూ లేరు.

కొమురం భీం పేజీ తీసుకోండి. 2022లో ట్రిపుల్ ఆర్ సినిమా వచ్చింది. అందులో భీం, అల్లూరి సీతారామరాజు దోస్తులు. అది కల్పిత కథ అని సినిమా తీసినవాళ్ళే చెప్పారు. ఒక పిల్లగాడు సినిమా చూసి ఉత్సాహంగా 'వీరిద్దరూ ఢిల్లీలో కలిశారు' అని భీం పేజీలో రాశాడనుకోండి. దాన్ని తీసేయడానికి మన చేతిలో ఉన్నది ఏంటి? ఇదే నియమం. 'ఆధారం చూపు' అంటే చాలు. అల్లం రాజయ్య, సాహు రాసిన నవల ఉంది. అది మనకు ఎంత ఇష్టమైనా నవల నవలే. భీం మీద నవల వచ్చిందని చెప్పడానికి అది ఆధారం. అందులోని సంభాషణ నిజంగా జరిగిందని చెప్పడానికి కాదు.

భీం చనిపోయిన తేదీ సంగతి చూద్దాం. 1940లో జోడేఘాట్ దగ్గర అన్నది దాదాపు అంతటా ఉంది. తేదీ దగ్గరికి వస్తే ఒక చోట సెప్టెంబర్, ఇంకో చోట అక్టోబర్. మనం మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి జరుపుకుంటాం. మరి వికీపీడియాలో ఏది రాయాలి? కొత్తగా వచ్చినవాళ్ళు తమకు నచ్చిన తేదీ పెట్టి, మిగతావి కొట్టేస్తారు. ఇంకొకరు వచ్చి అది కొట్టేస్తారు. నియమం ఏం చెప్తుందంటే, తీర్పు నువ్వు చెప్పకు. ఫలానా పుస్తకం ఈ తేదీ అంటోంది, ఫలానాది ఆ తేదీ అంటోంది, జోడేఘాట్‌లో వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి జరుపుతారు అని మూడూ రాయి, మూడింటికీ ఆధారం పెట్టు. ఇట్లా రాస్తే మన పౌర్ణమి కూడా పేజీలో నిలుస్తుంది. పేరు సంగతీ అంతే. కొమరం, కొమురం, కుమ్రం అని రకరకాలుగా రాస్తున్నారు. ఎక్కువ వాడుకలో ఉన్నది పేజీకి పేరు అవుతుంది, మిగతా పేర్లకు 'దారిమార్పు' పెడతారు. ఏ పేరుతో వెతికినా ఆ పేజీకే చేరతారు. దాని కోసం కొట్లాడాల్సిన పని లేదు.

రెండో నియమం మనకు అన్నిటికన్నా కష్టమైనది. దాన్ని 'మౌలిక పరిశోధన నిషిద్ధం' అంటారు. అంటే, ఎక్కడా అచ్చుకాని కొత్త విషయాన్ని మొదటిసారిగా వికీపీడియాలో రాయకూడదు. మీ తాత చెప్పాడు, కటోడా చెప్పాడు, ప్రధాన్ కింగ్రీ వాయిస్తూ చెప్పాడు, నేను చెవులారా విన్నా అంటే కుదరదు.

ఇక్కడే మన పిల్లలు లేచి అడుగుతారు. 'అన్నా, మా చరిత్ర అంతా నోటి మీదనే ఉంది గదా. ఈ నియమం మా కోసం చేసింది కాదు గదా' అని. న్యాయమైన ప్రశ్న. నేను దాన్ని దాటేయను. అచ్చు ఉన్న సమాజాలకు ఈ నియమం సులువు, పాటలో చరిత్ర దాచుకున్న సమాజాలకు కష్టం. ఈ మాట వికీపీడియా లోపలివాళ్ళు కూడా అన్నారు. 2011లో అచల్ ప్రభల అనే ఆయన 'పీపుల్ ఆర్ నాలెడ్జ్' అని ఒక డాక్యుమెంటరీ తీశారు. మన దేశంలో, దక్షిణాఫ్రికాలో ఊరివాళ్ళు చెప్పింది రికార్డు చేసి, ఆ రికార్డింగునే వ్యాసానికి ఆధారంగా పెట్టి చూశారు. మలయాళం, హిందీ, సెపెడి భాషల్లో ఆ ప్రయోగం జరిగింది. మంచి ప్రయోగం, చాలా చర్చ నడిచింది. కానీ అది అన్నిచోట్లా ఒప్పుకున్న నియమంగా మారలేదు.

అయితే ఒక్కసారి ఆలోచించండి. హైమెండార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి మనవాళ్ళ గురించి రాశాడు. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో అచ్చయింది. ఇవాళ ఎవరైనా గోండుల గురించి రాస్తే ఆ పుస్తకాన్ని ఆధారంగా చూపుతారు, ఎవరూ తీసేయరు. మరి ఆ పుస్తకంలో ఉన్నది ఎవరు చెప్పింది? మన తాతలు చెప్పింది. మన పటేళ్ళు, కటోడాలు, ప్రధాన్లు చెప్పింది. చెప్పినవాళ్ళు మనోళ్ళే, రాసి అచ్చు వేసింది ఆయన. అచ్చుకాగానే అదే మాట ఆధారం అయింది.

పోడు పట్టాలకు దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో, 13వ నియమం చూశారు గదా. క్లెయిము పెట్టినవాళ్ళు కాక ఊర్లోని ఇతర పెద్దలు చెప్పింది రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. మన పెద్దల నోటిమాటకు ఈ దేశ చట్టం విలువ ఇచ్చింది, కానీ రాతలో పెట్టమంది. ఇక్కడా అదే మెలిక. మాట రాత కావాలి, రాత అచ్చు కావాలి. ఆ తర్వాతే వికీపీడియా.

కాబట్టి పెద్దల దగ్గర విన్నది నేరుగా వికీపీడియాలో పెట్టి, తీసేస్తే బాధపడటం దండగ. ముందు దాన్ని రికార్డు చేయండి. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ రాసుకోండి. సంపాదకులున్న ఒక పత్రికకో, జర్నల్‌కో వ్యాసంగా పంపండి. పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళు మన గూడెం మీదనే పరిశోధన చేయండి. ఇది ఏళ్ళు పట్టే పని. కానీ ఒక్కసారి అచ్చయితే దాన్ని పట్టుకుని ఎవరైనా, ఏ భాషలోనైనా వికీపీడియాలో రాయొచ్చు. ఇన్నాళ్ళూ మన గురించిన పుస్తకాలు ఎక్కువగా బయటివాళ్ళు రాశారు. ఇక మీదట మనం రాయాలి.

మూడో నియమం తటస్థ దృక్కోణం. అంటే ఎవరి పక్షం తీసుకోకుండా రాయాలి. ఉద్యమంలో తిరిగేవాళ్ళకు ఇది మింగుడుపడదు. ఇంద్రవెల్లినే తీసుకుందాం. 1981 ఏప్రిల్ 20. పోలీసు కాల్పులు. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 13. హక్కుల సంఘాలు, ఊరివాళ్ళు చెప్పిన లెక్కలు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. మన మీటింగుల్లో మనం ప్రభుత్వ లెక్కను ఒప్పుకోం. వికీపీడియాలో మాత్రం రెండు లెక్కలూ రాయాలి. ఎవరు ఏ సంఖ్య చెప్పారో పేరుపెట్టి రాయాలి.

ఇది మనకు నష్టమా? నాకు అట్లా అనిపించదు. 13 అన్న సంఖ్య ఒక్కటే ఉన్న పేజీని ఊహించుకోండి. అది చదివినవాడికి ఇంకో లెక్క ఉందని కూడా తెలియదు. రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే, ఇంత తేడా ఎందుకొచ్చిందని చదివేవాడే అడుగుతాడు. మనం 'దుర్మార్గమైన', 'రాక్షస' అని విశేషణాలు రాస్తే పేజీ మొత్తం ప్రచారం కింద లెక్కేసి కొట్టేస్తారు. విశేషణం తీసేసి తేదీ, స్థలం, సంఖ్య, ఎవరన్నారో పెడితే దాన్ని కొట్టేయడానికి ఎవరికీ కారణం దొరకదు.

ఇంకో చిన్న సంగతి. తెలుగు వికీపీడియాలో పేర్ల పక్కన 'గారు' రాయరు. 'అమరుడయ్యాడు' అని రాయరు, 'మరణించాడు' అంటారు. మన నాయకుల గురించి అట్లా రాయాలంటే చెయ్యి రాదు. కానీ అదే నియమం నిజాం నవాబుకూ, కలెక్టరుకూ, మంత్రికీ వర్తిస్తుంది. భీంకు లేని 'గారు' నిజాంకు కూడా లేదు. అట్లా సమానంగా నిలబెట్టే చోట్లు మనకు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఏదైనా తెగ గురించిన పేజీలో 'వీరు అమాయకులు, అనాగరికులు' అని కనబడితే ఏం చేస్తారు? పోస్టు పెట్టి తిడితే ఆ వాక్యం పోదు. ఆ పేజీ 'చర్చ'లోకి వెళ్ళి, 'ఇది తటస్థంగా లేదు, ఆధారం కూడా లేదు' అని రాయండి. సరైన సమాచారం, దానికి ఆధారం పెట్టి వాక్యాన్ని మార్చండి. మీ పేరాలు పోవడానికి కారణమైన నియమాలే ఇక్కడ మీ చేతిలో పనిముట్లు అవుతాయి.

నాలుగోది విషయ ప్రాముఖ్యత. ప్రతి మనిషికీ, ప్రతి సంఘానికీ పేజీ ఉండదు. వాళ్ళ గురించి వాళ్ళతో సంబంధం లేని పత్రికలు, పుస్తకాలు వివరంగా రాసి ఉండాలి. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ నేర్పిన గురువుగా పత్రికలన్నీ ఆయన గురించి రాశాయి. మరుసటి ఏడు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు వచ్చింది. వీళ్ళ పేజీలకు అడ్డం ఉండదు. కానీ మీ గూడెంలో అంతే గొప్పగా ఆడే తాత గురించి ఎక్కడా ఒక్క వార్త లేకపోతే పేజీ నిలవదు. ఆ తాత విలువ తక్కువని కాదు, చూపడానికి కాగితం లేదని. ఆ తాత దగ్గరికి ఒక విలేకరిని తీసుకుపోవడం, ఒక ఇంటర్వ్యూ అచ్చు వేయించడం మన పని.

దీంతోపాటే ఇంకోటి. మన సంఘం పేజీ మనమే రాసుకోవడం, మన నాయకుడి పేజీ ఆయన అనుచరుడే రాయడం మంచి పద్ధతి కాదు. స్వంత ప్రయోజనం ఉన్నచోట రాయొద్దంటారు. ఏదైనా తప్పు ఉంటే చర్చ పేజీలో 'నేను ఈ సంఘం సభ్యుణ్ణి, ఇక్కడ ఇది తప్పుగా ఉంది, ఇదిగో ఆధారం' అని చెప్పండి. వేరేవాళ్ళు మారుస్తారు. దాచిపెట్టి రాసి తర్వాత బయటపడితే, మీరు రాసిన మిగతా మంచి పేజీలను కూడా అనుమానంగా చూస్తారు.

ఐదోది కాపీహక్కు. పత్రికలో వచ్చిన వార్తను ఉన్నదున్నట్టు దించి పెట్టకూడదు. చదివి, మీ మాటల్లో రాసి, ఆ పత్రిక పేరు, తేదీ ఆధారంగా ఇవ్వాలి. ఫొటో అయితే మీరు తీసిందే పెట్టండి. ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. వికీపీడియాలో మీరు పెట్టేది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందికి పోతుంది. అంటే మూలం ఎవరిదో చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. రేపు 'వద్దు, వెనక్కి ఇవ్వండి' అంటే రాదు. కాబట్టి మన మందుల చెట్ల తెలివి, బయటివాళ్ళకు చూపని పూజలు, పెర్సాపేన్ దగ్గరి గుట్టు, ఇవి పెట్టే ముందు ఊరి పెద్దలను అడగండి. వద్దంటే వద్దు. ఈ మాట వికీపీడియా నియమాల్లో ఉండదు, ఇది మన నియమం. అన్నీ లోకానికి చెప్పి తీరాలని ఎక్కడా లేదు.

ఆరోది తగువు వచ్చినప్పుడు ఎట్లా ఉండాలన్నది. మీ రాత తీసేశారు. మీరు మళ్ళీ పెట్టారు. వాళ్ళు మళ్ళీ తీశారు. ఇట్లా 24 గంటల్లో మూడుసార్లు మించితే తప్పు మీ మీదికే వస్తుంది, మీరు రాసింది నిజమైనా సరే, ఖాతాను ఆపేయొచ్చు. ఒక్కసారి తీశారంటే ఆగండి. చరిత్రలో వాళ్ళు రాసిన 'దిద్దుబాటు సారాంశం' చదవండి. ఎందుకు తీశారో అక్కడ ఉంటుంది. చర్చ పేజీలో అడగండి. ఎదుటివాళ్ళు చెడు ఉద్దేశంతో చేశారని ముందే అనుకోవద్దు. చాలాసార్లు తీసేసినవాళ్ళకు మన మీద పగ ఉండదు, ఆధారం కనబడలేదు అంతే. అక్కడ తేలకపోతే 'రచ్చబండ' ఉంది. అందరూ కలిసి మాట్లాడుకునే చోటుకు వికీపీడియావాళ్ళు పెట్టిన పేరే అది. మనకు రాయ్ సెంటర్ కొత్త కాదు గదా. అక్కడ అరిచినవాడి మాట నెగ్గుతుందా? వివరంగా, ఓపికగా చెప్పినవాడి మాటే నెగ్గుతుంది. ఇక్కడా అంతే. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, ఎవరైనా కులం పేరుతో, తెగ పేరుతో తిడితే సహించాల్సిన పని లేదు. అది కూడా నియమానికి విరుద్ధమే. నిర్వాహకులకు చెప్పండి, చరిత్రలో సాక్ష్యం ఉంటుంది.

ఇక పని సంగతి. మొదటి రోజే తెగ చరిత్ర మొత్తం రాయడానికి కూర్చోవద్దు. ముందు మీ 'ప్రయోగశాల'లో రాసి చూసుకోండి, అది మీ సొంత పలక లాంటిది. తర్వాత మీ ఊరి పేజీ తెరవండి. 2011 జనగణన లెక్కలతో మన రెండు రాష్ట్రాల రెవెన్యూ గ్రామాల్లో చాలావాటికి తెలుగు వికీపీడియాలో పేజీలు ఉన్నాయి. జనాభా ఎంత, ఎస్టీలు ఎంతమంది, బడి ఉందా, ఆసుపత్రి ఎంత దూరం అన్నీ ఉంటాయి. కానీ మన గూడేలు చాలావరకు రెవెన్యూ గ్రామాలు కావు, ఏదో ఒక గ్రామానికి శివారు. అందుకని వాటికి పేజీ లేదు, చాలాచోట్ల పెద్ద ఊరి పేజీలో కూడా పేరు లేదు. ఐటీడీఏ కాగితాల్లోనో, పంచాయతీ రికార్డులోనో, పత్రికలోనో మీ గూడెం పేరు వెతకండి. దొరికితే ఆ గ్రామం పేజీలో ఒక్క వాక్యం చేర్చండి, ఆధారంతో. ఒక్క వాక్యమే. అది నిలుస్తుందా లేదా రెండు వారాలు చూడండి. 'వీక్షణ జాబితా'లో పెట్టుకుంటే ఎవరు మార్చినా తెలుస్తుంది.

ఇట్లా పది వాక్యాలు నిలబెట్టిన తర్వాత పెద్ద పేజీల మీదికి వెళ్ళండి. 1997 సమత తీర్పు, 1/70 చట్టం, కేస్లాపూర్ నాగోబా జాతర, 1879 రంప తిరుగుబాటులో తమ్మన్నదొర, 1922 తర్వాత పోరాటంలో గాం గంటందొర, మల్లుదొర. వీటి మీద అచ్చయిన పుస్తకాలు, వ్యాసాలు ఉన్నాయి. లైబ్రరీకి పోవాలి, చదవాలి, పేజీ నంబరు రాసుకోవాలి.

భాష గురించి కూడా అడుగుతున్నారు. సంతాలీ వికీపీడియా 2018లో, రఘునాథ్ ముర్ము చేసిన ఓల్ చికీ లిపిలో మొదలైంది. అదే ఏడు మన గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే కంప్యూటర్లో, ఫోన్లో ఆ అక్షరాలకు దారి పడింది. సంతాలీ పిల్లలు అక్కడిదాకా ఎట్లా పోయారు? ముందు ఈ నియమాలు నేర్చుకుని, ఒక్కో వ్యాసం నిలబెట్టుకుంటూ పోయారు. గోండి, కోయ, కొలామి మాట్లాడే పిల్లలకు కూడా ఆ దారి ఉంది. తెలుగులో నేర్చుకున్నది అక్కడ అక్కరకొస్తుంది.

ఇవాళ ఇంటికి పోయాక ఒక పని చేయండి. మీ గూడెంలో అందరికన్నా పెద్ద వయసు వాళ్ళ దగ్గర కూర్చుని, ఊరి పేరు ఎట్లా వచ్చిందో అడిగి ఫోన్లో రికార్డు చేయండి. వాళ్ళ పేరు, తేదీ రాసిపెట్టండి. వికీపీడియాలో పెట్టొద్దు, ఇంకా టైం ఉంది. కానీ రికార్డు మాత్రం ఈ వారమే చేయండి. నియమాలు నేర్చుకోవడానికి మనకు టైం ఉంది, ఆ పెద్దలకు అంత టైం లేదు.

జోహార్.